57 కిలోలు, 14 మైసూర్‌పాకులు

మన నల్లగొండలో ఒకరిని గౌరవించాలంటే నోట్లో మిఠాయి కుక్కడం తప్ప మరో మార్గం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదని పాఠకులకు నేను కొత్తగా చెప్పనక్కరలేదు. పదో తరగతి పాసైనా, సర్పంచ్‌గా గెలిచినా, బోరులో నీళ్ళు పడినా, ఒక పెద్దమనిషి పెట్టెలోంచి ముక్క తీసి ఎదుటివారి పెదవుల దాకా తీసుకుపోయి, అక్కడ ఆపి, కెమెరా వైపు తిరిగి నవ్వుతాడు. ఈ ఆచారం మీద నాకేమీ పగ లేదు. కానీ మొన్న, అంతర్జాతీయ జూడో పోటీకి నాలుగు రోజుల్లో బయలుదేరవలసిన ఒక అమ్మాయికి ఈ మర్యాద జరిగిన తీరు చూశాక ఊరుకోలేకపోతున్నాను.

జూడోలో ఆడవారికి 48 కిలోల నుంచి 78 దాకా ఆరు బరువు తరగతులు, ఆపైన మరొకటి ఉంటాయి. ఈ అమ్మాయిది 57. మణిపూర్‌కు చెందిన లింతోయ్ చనంబమ్ 2022లో బోస్నియాలోని సరయేవోలో ప్రపంచ క్యాడెట్ (18 ఏళ్ళలోపు వారి) స్వర్ణం గెలిచిందీ ఆ తరగతిలోనే. ఏ వయోవర్గంలోనైనా ప్రపంచ జూడోలో మన దేశానికి అదే తొలి పతకం. పోటీకి ముందురోజు తూకం వేస్తారు. అర కిలో ఎక్కువ తూగినా ఇన్నేళ్ళ సాధన తూకం దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఆ పిల్ల నెల రోజులుగా రాత్రిపూట అన్నం ముట్టలేదు.

వేదిక మీద పదకొండు మంది ఉన్నారు. మొదటి వక్త "కరాటేలో మన జిల్లా పేరు నిలబెట్టాలె బిడ్డా" అన్నారు. "జూడో సార్" అన్నదా అమ్మాయి. "అదే, జూడో కరాటే" అని సర్దుకుని, ఆయన మొదటి మైసూర్‌పాకు పెట్టారు. రెండో ఆయన, చేతితో ఇటుక పగలగొట్టి చూపించమని ముచ్చటపడి, ఇటుక కోసం మనిషిని పంపారు. జూడోలో గుద్దడం, తన్నడం నిషిద్ధమని, ఎదుటివారి దుస్తులు ఒడిసిపట్టి వెల్లకిలా పడవేస్తే ఇప్పోన్, అంటే పూర్తి గెలుపు అని కోచ్ వివరించబోతే, ఆయన చేతిలో కూడా ఒక ముక్క పెట్టి కూర్చోబెట్టారు. (1882లో ఈ విద్యను రూపొందించిన కానో జిగోరో ఇటుకల విషయంలో ఇంత ముందుచూపు లేకుండా ప్రవర్తించడం విచారకరం.) ఇంతలో ఫొటోగ్రాఫర్ "సార్ కండ్లు మూసిండ్రు, ఇంకోసారి" అన్నాడు. అలా ముగ్గురు కళ్ళు మూశారు. పదకొండుకు మూడు కలిపితే పద్నాలుగు. పెద్దలు పెడుతుంటే వద్దనకూడదని తల్లి నేర్పిన పాపానికి, ఆ పిల్ల పద్నాలుగూ మింగింది. ఇటుక మాత్రం సభ ముగిశాక వచ్చింది.

క్లాక్ టవర్ దగ్గర ఫ్లెక్సీ కూడా కట్టారు. నాయకుల ముఖాలు ఎనిమిది. కింద మూలన, ఎక్కడినుంచో తెచ్చి అతికించిన, గాలిలో కాలెత్తి తన్నుతున్న ఎవరో అమ్మాయి. జూడోలో మొదట నేర్పేది పడటం. పోటీకి కనీసం ఎటు చూసినా ఎనిమిది మీటర్లుండే చదరం కావాలి. మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు ఉన్న మెత్తటి జూడో చాపలైతే ముప్పై రెండు. ఈ అమ్మాయి పడటం నేర్చుకున్నది రేకుల షెడ్డులో, వరిగడ్డి కూరిన గోనెసంచుల మీద పరిచిన టార్పాలిన్ పైన. మెడ విరగకపోవడం ఆమె అదృష్టం. మీరెవరూ అందుకు చేసిందేమీ లేదు. ఆ పదకొండు మందిలో ఒక్కరైనా ఆ షెడ్డులో అడుగు పెట్టారా? ఒక్క చాప కొన్నారా? 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన దేశపు జూడో క్రీడాకారిణి తూలికా మాన్ 28 సెకన్లలో ఓడిపోయిందని హోటల్లో చాయ్ తాగుతూ పళ్ళికిలించింది మీరే కదా? ఆమెను పడవేసిన క్యూబా మనిషి ఇదాలిస్ ఓర్టిజ్ అప్పటికే నాలుగు ఒలింపిక్ పతకాల యజమాని. ఆ 28 సెకన్ల దాకా చేరడానికి ఒక ఆడపిల్ల ఎన్నివేల సార్లు నేల మీద పడి లేచి ఉంటుందో తెలియనివారికి ఆమెను చూసి నవ్వే హక్కు లేదు. సిగ్గుండాలి.

సభ ముగిశాక శాలువాలు విడిచి కోచ్‌కు ఇచ్చి, అమ్మాయి నేరుగా వాళ్ళ ఊరి వడ్ల కొనుగోలు కేంద్రానికి వెళ్ళింది, బరువు చూసుకోవడానికి దగ్గరలో ఉన్నది ఆ కాంటా ఒక్కటే కనుక. కాంటా 57 కిలోల 900 గ్రాములు చూపింది. పక్కనున్న హమాలీ చూసి, "ఫికరు చెయ్యకు బిడ్డా, మిల్లుకు పోతే తరుగు వాళ్ళే తీస్తరు" అన్నాడు.