సొలిసిటర్ లేకుండానే బారిస్టర్‌ని పెట్టుకోవచ్చు, అదీ గొడవ ముదరకముందే

ఇంగ్లండ్‌లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకి ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ఎక్స్‌టెన్షన్ (ఇంటికి కలిపి కట్టే అదనపు భాగం) పని మధ్యలో ఆగిపోయినా, కొత్తగా వేయించిన లాఫ్ట్ గదిలో (పైకప్పు కింద గది) వాన నీళ్లు కారుతున్నా, ఒప్పుకున్నదానికంటే బిల్డర్ ఎక్కువ అడుగుతున్నా మీరు నేరుగా బారిస్టర్ (కోర్టులో వాదించే లాయర్) దగ్గరికి వెళ్లొచ్చు. మధ్యలో సొలిసిటర్ (ఫైలు నడిపే లాయర్) ఉండి తీరాలన్న నిబంధన 2004లోనే పోయింది. ఇరవై ఏళ్లు దాటింది. అయినా స్లౌ, రీడింగ్, మిల్టన్ కీన్స్ తెలుగు గ్రూపుల్లో బిల్డర్ గొడవ ఎవరు పెట్టినా "మంచి సొలిసిటర్ ఎవరైనా ఉన్నారా?" అనే అడుగుతారు. ఇదంతా చూస్తుంటే నాకు బాధగానూ ఉంది, కోపంగానూ ఉంది.

నేను ఇక్కడ క్వాంటిటీ సర్వేయర్‌ని. ఎవరు ఎంత పని చేశారు, దానికి ఎంత ఇవ్వాలి అని లెక్క కట్టడమే నా ఉద్యోగం. అందుకే ఇంటి పనులు చెడిపోయినప్పుడు తెలిసినవాళ్లు నాకు ఫోన్ చేస్తుంటారు. ఎక్కువమంది చాలా ఆలస్యంగా చేస్తారు.

మన ఊళ్లలో లాయర్ అంటే ఒక్కరే. కాగితాలు రాసేదీ, కోర్టులో నిలబడేదీ ఆయనే. ఇక్కడ ఆ పనిని రెండు వృత్తులుగా విడదీశారు. ఫైలు నడపడం, ఉత్తరాలు రాయడం, క్లయింట్ డబ్బు దగ్గర పెట్టుకోవడం సొలిసిటర్ పని. చట్టం ఏం చెబుతోందో లిఖితపూర్వకంగా అభిప్రాయం ఇవ్వడం, క్లెయిమ్ పత్రాలు తయారు చేయడం, జడ్జి ముందు వాదించడం బారిస్టర్ పని. ప్రకాశం పంతులు గారు రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా (కింది కోర్టుల వకీలుగా) ఉంటూ బారిస్టర్ చదువుకని 1904లో లండన్ వచ్చారు. ఆ రోజుల్లో ఇక్కడి మామూలు మనిషి సొలిసిటర్ ద్వారా తప్ప బారిస్టర్‌ని కలిసే వీల్లేదు. ఆ తలుపు తీయడానికి ఇంకో వందేళ్లు పట్టింది. ఇప్పుడు దీన్ని పబ్లిక్ యాక్సెస్ అంటున్నారు, డైరెక్ట్ యాక్సెస్ అని కూడా అంటారు. అందుకు ప్రత్యేక శిక్షణ పూర్తిచేసిన బారిస్టర్లే ఈ పద్ధతిలో కేసులు తీసుకోగలరు. ఎవరికి ఆ అర్హత ఉందో బార్ స్టాండర్డ్స్ బోర్డు రిజిస్టర్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు.

నేనెందుకు ఇంతగా పట్టుబడుతున్నానంటే, ఇంటి పనుల గొడవలన్నీ దాదాపు ఒకే రకం. ముప్పై నలభై వేల పౌండ్ల పని, అందులో పదో పదిహేనో వేల దగ్గర తగాదా. ఆ మొత్తానికి గంటకి రెండు మూడు వందల పౌండ్ల చొప్పున సొలిసిటర్‌ని పెట్టుకుంటే, ప్రతి ఈమెయిలుకీ ప్రతి ఫోన్ కాల్‌కీ మీటర్ తిరుగుతుంది. సొలిసిటర్లు చెడ్డవాళ్లని నేననడం లేదు, వాళ్ల పని తీరే అలాంటిది. కానీ మొదటి వారంలో మీకు కావలసింది ఫైలు నడిపే మనిషి కాదు. "తప్పు ఎవరిది? రేపు పొద్దున నేనేం చేయొచ్చు, ఏం చేయకూడదు?" అన్న ఒక్క ప్రశ్నకి గట్టి జవాబు కావాలి. నిర్మాణ వివాదాలే వాదించే బారిస్టర్ మీ కాగితాలు చూసి, ఇంత అని ముందే ఒప్పుకున్న ఫీజుకి ఆ జవాబు రాసిస్తారు. దాని మీద సాధారణంగా 20 శాతం వ్యాట్ ఉంటుంది, ఫీజు మాట్లాడేటప్పుడే అడగండి.

రీడింగ్‌లో నాకు తెలిసిన తమ్ముడు ఒకడున్నాడు. వంటగది వెనక ఎక్స్‌టెన్షన్ మొదలుపెట్టారు, గోడలు వంకరగా లేచాయి. బిల్డర్ ఒకరోజు వస్తే మూడు రోజులు రాడు. ఓ రాత్రి ఫోన్ చేసి, "అన్నా, ఇంక రావద్దని చెప్పేశాను. సైడ్ గేట్ తాళం కూడా మార్చేశాను" అన్నాడు. అప్పటికే చేయాల్సింది చేసేసి నాకు చెప్తున్నాడు. గోడల విషయంలో న్యాయం అతని వైపే ఉంది. కానీ సరైన కారణం లేకుండానో, సరైన పద్ధతి పాటించకుండానో బిల్డర్‌ని వెళ్లగొడితే, ఒప్పందం తెంచింది ఇంటి యజమానే అని ఎదురు తిరిగే ప్రమాదం ఉంది. మిగిలిన పనిలో తనకు రావలసిన లాభం కూడా బిల్డర్ అడగొచ్చు. సరిగ్గా అలాగే అడిగాడు. 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ చట్టం ప్రకారం పని సరైన శ్రద్ధతో, నైపుణ్యంతో చేయకపోతే మళ్లీ చేయించుకునే హక్కు మనకుంది. అది కుదరకపోతే ధర తగ్గించమనే హక్కూ ఉంది. సరిచేసే అవకాశమే ఇవ్వకుండా తాళం వేస్తే ఆ హక్కుల బలం చాలావరకు మనమే పోగొట్టుకున్నట్టు. ఆ కుటుంబం నెలల తరబడి టెన్షన్ పడి, తగాదాలో ఉన్న డబ్బులో పెద్ద భాగమంత లాయర్ ఫీజులకే పెట్టింది. తాళం మార్చకముందు ఒక్క అభిప్రాయం రాయించుకుని ఉంటే ఇంత జరిగేది కాదు.

బారిస్టర్‌కి ఏం పంపాలన్నది చాలా ముఖ్యం, ఎందుకంటే మీరు సర్ది పంపినకొద్దీ ఆయన చదివే సమయం తగ్గుతుంది, ఫీజు కూడా తగ్గుతుంది. కొటేషన్, డ్రాయింగులు, ఎప్పుడెంత కట్టారో బ్యాంకు స్టేట్‌మెంట్, ఫొటోలు, బిల్డింగ్ కంట్రోల్ (కట్టడం నిబంధనల ప్రకారం ఉందో లేదో తనిఖీ చేసే) వాళ్ల రిపోర్టులు అన్నీ తేదీల వరుసలో పెట్టండి. వాట్సాప్ చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయండి. మీకు నచ్చిన మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు చాలవు. వాట్సాప్ కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. నార్విచ్‌లో ఒక నైట్‌క్లబ్ కూల్చివేత పని గురించి వచ్చిన కేసులో, వాట్సాప్ మెసేజ్‌లతోనే కాంట్రాక్ట్ కుదిరిందని టెక్నాలజీ అండ్ కన్‌స్ట్రక్షన్ కోర్టు 2025లో తీర్పు ఇచ్చింది. "ఓకే బ్రో, గో అహెడ్" అని రాత్రి పదకొండింటికి కొట్టిన మెసేజ్ రేపు ఎక్స్‌ట్రా పనికి ఒప్పుకోలుగా మీ ముందుకు రావచ్చు.

తర్వాత లోపాల పట్టిక. ఒక్కో లోపం ఒక్కో వరుసలో రాసి, పక్కన దాన్ని సరిచేయడానికి ఎంతవుతుందో, బిల్డర్ ఏమంటున్నాడో, చివర జడ్జి రాసుకోవడానికి ఖాళీ గడి. దీన్ని ఇక్కడ స్కాట్ షెడ్యూల్ అంటారు, లోపాల గురించిన నిర్మాణ కేసులు ఎక్కువగా దీని మీదే నడుస్తాయి. మొదటి రోజునుంచే మీ ఫిర్యాదుని ఈ రూపంలో రాస్తే సగం కోపం దానంతటదే లెక్కగా మారుతుంది. స్వతంత్రంగా పనిచేసే సర్వేయర్‌తో ఒక రిపోర్టు కూడా తీసుకోండి. గోడ వంకరని మీరు చెప్పడం వేరు, సర్వేయర్ కొలిచి చెప్పడం వేరు.

ఈ పద్ధతికి హద్దులున్నాయి, అవీ చెప్పాలి. బారిస్టర్ మీ డబ్బు దగ్గర పెట్టుకోకూడదు. లిటిగేషన్ (కోర్టు కేసు) నడిపే ప్రత్యేక అనుమతి ఉన్న కొద్దిమంది తప్ప మిగతావాళ్లు కోర్టులో మీ తరఫున క్లెయిమ్ దాఖలు చేయలేరు, పత్రాలు అవతలివాళ్లకి అందజేయలేరు. ఆ గడువులన్నీ మీరే చూసుకోవాలి. క్లెయిమ్ పదివేల పౌండ్లు దాటితే రెండు లక్షల వరకు కోర్టు ఫీజే 5 శాతం, అంటే నలభై వేలకి రెండు వేలు. పదివేల లోపైతే స్మాల్ క్లెయిమ్స్, అంటే చిన్న మొత్తాల కేసుల పద్ధతి. అక్కడ గెలిచినా లాయర్ ఖర్చులు సాధారణంగా తిరిగి రావు, కాబట్టి ఆ కేసుల్లో లిఖిత అభిప్రాయం వరకే బారిస్టర్‌ని వాడుకోవడం తెలివైన పని. మీ కేసు చిక్కుగా ఉందనీ సొలిసిటర్ అవసరమనీ బారిస్టర్ చెబితే వినండి, అలా చెప్పడం ఆయన బాధ్యత.

అద్దెకిచ్చే ఇళ్లున్నవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి. 1996 కన్‌స్ట్రక్షన్ చట్టం ప్రకారం నిర్మాణ గొడవని అడ్జుడికేటర్ (కోర్టు బయట త్వరగా నిర్ణయం చెప్పే మనిషి) దగ్గర పెట్టొచ్చు, 28 రోజుల్లో నిర్ణయం వస్తుంది. ఆ నిర్ణయం ప్రకారం ముందు డబ్బు కట్టాలి, ఇంకా వాదన ఉంటే తర్వాత. సెక్షన్ 106 వల్ల మనం ఉంటున్న, లేదా ఉండబోయే ఇంటి పనికి ఇది వర్తించదు. కాంట్రాక్టులో విడిగా ఒప్పుకుంటే తప్ప. కానీ అద్దె కోసం కొన్న ఇంటికి ఆ మినహాయింపు లేదు! బిల్డర్ పద్ధతి ప్రకారం బిల్లు పంపాక గడువులోపు మీరు తగ్గింపు నోటీసు (ఎంత తక్కువ కడతారో, ఎందుకో చెప్పేది) ఇవ్వకపోతే, పని బాగున్నా బాగోకపోయినా ఆ మొత్తం ముందు కట్టాల్సి రావచ్చు. రెండు మూడు బై టు లెట్ ఇళ్లున్న మనవాళ్లలో ఎంతమందికి ఇది తెలుసు? అడ్జుడికేషన్ కోర్టు వ్యవహారం కాదు కాబట్టి, నేరుగా పెట్టుకున్న బారిస్టరే మొదటి నోటీసు నుంచి జవాబు వరకు అన్నీ చూడగలరు. అంత తక్కువ సమయంలో ఇద్దరు లాయర్లకి కథ చెప్పుకోవాల్సిన పని ఉండదు.

బారిస్టర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న మనవాళ్లు ఎప్పుడూ అడగరు. "గెలిస్తే డబ్బు చేతికొస్తుందా?" అని. మన దగ్గర డబ్బు తీసుకున్నది లిమిటెడ్ కంపెనీ అయితే, అందులో ఏమీ లేకపోతే తీర్పు కాగితం మీదే ఉంటుంది. రూఫ్ పని పూర్తికాక గొడవలో పడ్డ, నాకు తెలిసిన ఇంకో కుటుంబానికి బారిస్టర్ ఇదే చెప్పారు. న్యాయం మీవైపే ఉంది, కానీ కంపెనీస్ హౌస్ (కంపెనీల ప్రభుత్వ రిజిస్టర్) లెక్కలు చూస్తే ఆ కంపెనీ ఖాళీ, కేసు వేయొద్దు అన్నారు. అయితే గార్డెన్ వైపు తలుపులకి అదే కంపెనీతో విడిగా ఒప్పందం చేసుకుని ఆరు వేలు క్రెడిట్ కార్డుతో కట్టారని ఆయన కాగితాల్లో పట్టుకున్నారు. 1974 కన్స్యూమర్ క్రెడిట్ చట్టంలో సెక్షన్ 75 ఉంది. 100 పౌండ్లు దాటి 30,000 వరకు ధర ఉన్న వస్తువుకో పనికో కార్డుతో కడితే, అమ్మినవాడితోపాటు కార్డు కంపెనీ కూడా బాధ్యత వహించాలి. వాళ్లు బ్యాంకుకి రాశారు, ఆ ఆరు వేలూ తిరిగొచ్చాయి. కోర్టుకి పెట్టాలనుకున్న డబ్బుతో వేరే మేస్త్రీని పెట్టి రూఫ్ పూర్తిచేయించుకున్నారు.