మన చందాకి సర్కారు బియ్యం జత చేయాలి

పరాయి దేశంలో కరువొస్తే పౌరులు ఇచ్చిన చందాకి సమానంగా ప్రభుత్వం తన వాటా వేసే పద్ధతి కెనడా, బ్రిటన్‌లలో ఉంది. 2017లో సోమాలియా, దక్షిణ సూడాన్, నైజీరియా, యెమెన్ ఆకలితో అల్లాడినప్పుడు, మార్చి 17 నుంచి జూన్ 30 దాకా పౌరులు ఇచ్చిన ప్రతి డాలర్‌కీ కెనడా సర్కారు మరో డాలర్ వేసింది. అదే ఏడాది తూర్పు ఆఫ్రికా కోసం బ్రిటన్ సహాయ సంస్థలు జోలె పడితే, మొదటి కోటి పౌండ్ల వరకు అక్కడి సర్కారు జత కలిపింది. మన దగ్గర అలాంటి పథకం లేదు. ఉండాలి. మన జత డబ్బు రూపంలో కాక బియ్యం రూపంలో ఉండాలి, ఆ బియ్యం కాకినాడ రేవు నుంచి ఓడ ఎక్కాలి. ఈ సంగతి ముందుగా అడగాల్సింది గోదావరి డెల్టాయే.

బియ్యమే ఎందుకంటే, అది మన దగ్గర పేరుకుపోయి ఉంది కాబట్టి. 2025 జూన్ 1 నాటికి కేంద్రం గోదాముల్లో బియ్యం, మరపట్టని వడ్లు కలిపి దాదాపు 5.95 కోట్ల టన్నులు ఉన్నాయి. జూలై 1కి ఉండాల్సిన నిల్వ 1.35 కోట్ల టన్నులే. ఎక్కువైన బియ్యాన్ని ఏం చేయాలో తోచక, 52 లక్షల టన్నులను కిలో రూ.22.50 చొప్పున ఇథనాల్ ఫ్యాక్టరీలకు కేటాయించారు. రైతుకి మద్దతు ధర ఇచ్చి, మర కూలీ, గోదాము అద్దె, రవాణా అన్నీ భరించి తెచ్చిన తిండిగింజ అది. దాన్ని నష్టానికి అమ్మి పెట్రోల్లో కలపడానికి మనకి మనసొప్పుతోంది. ఆకలితో ఉన్నవాడికి ఇవ్వడానికి మాత్రం లెక్కలు అడ్డొస్తున్నాయి.

ఆ లెక్కే చూద్దాం. అమలాపురంలో ఒక టీచర్ వంద రూపాయలు వేశారనుకోండి. ఇథనాల్ ఫ్యాక్టరీకి ఇచ్చిన ఆ ధరకే సర్కారు వంద రూపాయల బియ్యం జత చేస్తే అది నాలుగు కిలోల పైమాటే. సహాయ శిబిరాల్లో మనిషికి రోజుకి 400 గ్రాముల తిండిగింజలు ఇవ్వడం మామూలు. అంటే ఒక మనిషికి పది రోజుల తిండి. టీచర్ వేసిన వంద రవాణాకి, పప్పు, నూనెలకి పనికొస్తుంది. ఇథనాల్‌కి కేటాయించిన దాంట్లో నూటికి ఒక వంతు పక్కన పెడితే 52 వేల టన్నులు, విలువ రూ.117 కోట్లు. ఖజానా కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు.

దారి కూడా ఉంది. అఫ్ఘానిస్తాన్‌కి ప్రకటించిన 50 వేల టన్నుల గోధుమలు పంచడానికి ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమంతో మన సర్కారు 2022లో ఒప్పందం చేసుకుంది. ఆకలి దేశాలకి పోషకాలు కలిపిన బియ్యం ఇస్తామని 2025 ఆగస్టులో అదే సంస్థతో ఉద్దేశ పత్రం (లెటర్ ఆఫ్ ఇంటెంట్) మీద సంతకం చేసింది. 2024లో ఎల్‌నినో కరువు పడ్డ జింబాబ్వే, మలావిలకు వెయ్యి టన్నుల చొప్పున బియ్యం పంపింది. జింబాబ్వే బియ్యం ముంబై దగ్గరి నవ షేవా నుంచి బయల్దేరింది. ఇన్ని జరిగినా వీటిలో జనం ఎక్కడా లేరు. విదేశాంగ శాఖ నుంచి ఒక ప్రకటన వస్తుంది, ఒక ఫోటో వస్తుంది, అంతే. ఆఫ్రికాలో పసిపిల్లలు డొక్కలెండి చనిపోతున్నారని టీవీలో చూసి కదిలిపోయిన రైతుకి, షాపు గుమాస్తాకి ఆ సాయంలో చెయ్యి వేసే చోటు లేదు. మన ట్రస్టులు దేశం బయట ఖర్చు పెట్టి పన్ను మినహాయింపు పొందాలన్నా ప్రత్యక్ష పన్నుల బోర్డు అనుమతి విడిగా తెచ్చుకోవాలి.

జత చేయడం వల్ల జనం నిజంగా ఎక్కువ ఇస్తారా? ఇస్తారు. అమెరికాలో డీన్ కార్లాన్, జాన్ లిస్ట్ అనే ఆర్థికవేత్తలు 50 వేల మందికి చందా ఉత్తరాలు పంపి పరీక్షించారు. 'మీరిచ్చిన దానికి ఇంకొకరు జత చేస్తారు' అని రాసిన ఉత్తరాలకి 19 శాతం ఎక్కువ డబ్బు వచ్చింది. రూపాయికి రూపాయి అన్నా, రెండన్నా, మూడన్నా ఫలితం ఒక్కటే. కాబట్టి ఒకటికి ఒకటి చాలు.

డెల్టా ఎందుకు ముందుండాలో చెప్తాను. 1821లో రాజమండ్రి జిల్లా జనాభా 7 లక్షల 38 వేలు. 1841కి అది 5 లక్షల 61 వేలకు పడిపోయింది. మధ్యలో నందన కరువుతో సహా వరస కరువులు, తుపాన్లు. జనం ఆకలితో రాలిపోతుంటే పక్కనే గోదావరి నిండుగా పారి సముద్రంలో కలిసింది. కాటన్ దొర వచ్చి ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక, 1852 నుంచి ఈ నేల అన్నపూర్ణ అయింది. మారుటేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 1010 వరి రకానికి 'కాటన్‌దొర సన్నాలు' అని పేరు పెట్టుకుని పండిస్తున్నాం.

తీసుకున్న చేతులు కూడా మనవే. 1966లో దేశం కోటి టన్నుల తిండిగింజలు దిగుమతి చేసుకుంది, అందులో ఎక్కువ అమెరికా గోధుమలు. ఆ రోజుల్లో ఊరి బడిలో చదివిన వాళ్లని అడగండి. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే వరసలో కూర్చుంటే, బాదం ఆకులో వేడివేడిగా వేసిన రవ్వ ఉప్మా, గ్లాసులో కలిపిన పాలపొడి. ఆ రవ్వ ఏ దేశం నుంచి వచ్చిందో ఆ పిల్లలకి తెలియదు, కడుపు మాత్రం నిండింది.

'ఇక్కడే పేదలుంటే పైదేశాలకి దానమా?' అంటారు. ఇక్కడి పేదల రేషన్ పోనూ మిగిలిన నిల్వ గురించే నేను మాట్లాడుతున్నాను. యుద్ధం జరిగే చోటికి బియ్యం చేరదంటారు. నిజమే, సూడాన్‌లో జరిగింది అదే. చేరగలిగే చోట్లకే పంపుదాం. సూడాన్ తినేది జొన్న కాబట్టి అక్కడికి డబ్బు వెళ్లాలి. అందుకని బియ్యం తినే దేశాల సంగతి వదిలేస్తామా?

కాకినాడ యాంకరేజ్ పోర్టులో పెద్ద ఓడ గట్టుకి రాదు. ముఠా కూలీలు బస్తాలు బార్జీల్లోకి ఎక్కిస్తే, అవి సముద్రంలో లంగరేసిన ఓడ దగ్గరికి వెళ్లి సరుకు అందిస్తాయి. మన ఉప్పుడు బియ్యం బెనిన్, టోగోల వైపు వెళ్లేది ఇలాగే. రేషన్ బియ్యం ఇదే రేవు నుంచి చాటుగా ఆఫ్రికా దారి పడుతోందని 2024 నవంబర్‌లో రాష్ట్రమంతా గొడవైంది. అదే బియ్యం ప్రజల పేరు మీద, లెక్క చెప్పి, బహిరంగంగా ఓడ ఎక్కితే దొంగ ఎగుమతుల మీద నిఘా కూడా గట్టిపడుతుంది.

ఒక ముఖ్యమైన విషయం ఏ పార్టీ మాట్లాడదు. డెల్టా నుంచి గోదాముకి చేరే బియ్యంలో చాలా భాగం కౌలు రైతు పండించింది. సాధారణ రకానికి 2025-26 మద్దతు ధర క్వింటాకి రూ.2,369, అంటే 75 కిలోల బస్తా దాదాపు రూ.1,777. ఆ ధర చేతికి రావాలంటే సర్కారు పంట నమోదు జాబితా ఈ-పంటలో పేరుండాలి. పేరుండాలంటే కౌలు కార్డు కావాలి. 2019 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం కార్డు మీద భూయజమాని సంతకం పడాలి. చాలామంది యజమానులు పెట్టరు. దాంతో సార్వా (ఖరీఫ్) పంట కళ్లంలోనే దళారి పాలవుతుంది, తేమ పేరుతో మిల్లు దగ్గర ఇంకొంత కోత. దేశాల ఆకలి తీర్చే నిల్వ అని సర్కారు గొప్పగా చెప్పుకోబోయే గింజని పండించినవాడి పేరు సర్కారు పుస్తకంలోనే లేదు. జత పథకం కోసం డెల్టా ఎంపీలు పార్లమెంటులో లేచి నిలబడిన రోజున, యజమాని సంతకం షరతు తీసేయాలని అసెంబ్లీలో మన ఎమ్మెల్యేలూ నిలబడాలి. ఈ రెండు కోరికలూ ఒకే అర్జీలో రాసి రాబోయే దాళ్వా (రబీ) కోతల లోపు పంపాలి.