ఎర్రబడని కంటిని ఎవరు చూస్తారు?

కన్ను ఎర్రబడితే ఇంటిల్లిపాదీ కంగారుపడతాం. కళ్ళకలక అనుకుని మందుల షాపులో చుక్కల మందు తెచ్చి వేసుకుంటాం. రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవారి రెటీనాలో, అంటే కంటి వెనుక చూపు తెరలో, సైటోమెగలో వైరస్ చేరితే మాత్రం చాలాసార్లు ఎరుపూ ఉండదు, నొప్పీ ఉండదు. శరీరం పోరాడితేనే కదా ఆ గుర్తులు పైకి కనిపించేది! కంటి ముందు దోమలు ఎగిరినట్టు నల్లటి చుక్కలు, ఒక పక్క చూపు మసక, అంతే. కొందరికి అవీ ఉండవు.

ఈ వైరస్ మనలో చాలామంది ఒంట్లో ఏళ్ళ తరబడి అణగి ఉంటుంది. హెచ్ఐవీ ఉన్నవారిలో సీడీ4 కణాలు (రోగనిరోధక శక్తినిచ్చే తెల్ల రక్తకణాలు) ఒక మైక్రోలీటరు రక్తంలో 50 కంటే తగ్గినప్పుడు, అవయవ మార్పిడి తర్వాత, రక్త క్యాన్సర్ చికిత్సలో అది విజృంభిస్తుంది. కంటి డాక్టరు చుక్కల మందు వేసి, కనుపాప విచ్చుకున్నాక లోపలికి చూస్తే తెల్లటి మచ్చల మీద కుంకుమ చల్లినట్టు రక్తపు మరకలు. అక్కడ చచ్చిన రెటీనా మళ్ళీ బతకదు. మందు కాపాడేది మిగిలినదాన్నే.

ఆ మందు వాడటం కూడా కత్తి మీద సామే. వాల్‌గాన్‌సిక్లోవిర్ మాత్రలు సాధారణంగా మూడు వారాలు రోజుకు రెండుసార్లు, ఆపై నెలల తరబడి రోజుకు ఒకసారి. మచ్చ చూపు కేంద్రానికి దగ్గరగా ఉంటే కంట్లోకే గాన్‌సిక్లోవిర్ ఇంజక్షన్ ఇస్తారు. ఇంజక్షన్‌తో సరిపెడితే రెండో కంటికి రక్షణ లేదు. మాత్రలేమో తెల్ల రక్తకణాలను తగ్గిస్తాయి, అసలే అవి తక్కువున్న మనిషికి! బదులుగా ఫాస్కార్నెట్ అనే మరో మందు ఇద్దామంటే కిడ్నీలకు ముప్పు. అందుకే కంటి వైద్యులు, అసలు జబ్బుకు చికిత్స చేస్తున్న వైద్యులు కలిసి నిర్ణయించాలి.

హైదరాబాద్‌లో ఇందుకు లోటు లేదు. మెహదీపట్నంలో సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది, బంజారాహిల్స్‌లో 1987 నుంచి ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది. అయితే రోగికి తోచి అక్కడికి వెళ్ళేదాకా ఆగితే ఆలస్యమవుతుంది. సీడీ4 50 లోపు వచ్చిన రిపోర్టు చేతికిచ్చే రోజునే కంటి పరీక్షకు చీటీ రాసివ్వాలని నా గట్టి అభిప్రాయం. అవయవ మార్పిడి చేయించుకున్నవారిని ఇంటికి పంపేటప్పుడు ఒక మాట నేర్పి పంపాలి: రోజూ పొద్దున ఒక్కో కన్ను మూసి గోడ మీది క్యాలెండర్ చూడండి, ఏ గడి అయినా మసకగా కనిపిస్తే ఆ రోజే రండి.