కాయ అడిగితే టెంక

ఒంగోలులో మా సంఘంవాళ్ళు నాకు దండ వేసి, శాలువా కప్పి, అరగంట ప్రార్థన చేసి మరీ సాగనంపారు. నిజానికి నేను వెళుతున్నది దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఉంటున్న మా అక్కా బావల ఇంటికి, రెండు వారాల సెలవు మీద. "ఇక్కడి చర్చివాళ్ళం ఏటా జూలైలో పక్కదేశం లెసోతో కొండల్లో ఉన్న పాస్టర్ల కుటుంబాలను చూసొస్తాం, నువ్వూ వద్దువుగాని" అని బావ ఫోన్లో ఒక్క మాట అన్నాడు. ఆ మాట మా ఆవిడ నుంచి స్త్రీల సమాజానికీ, అక్కణ్ణుంచి పాస్టరుగారికీ చేరేసరికి నేను మిషనరీనైపోయాను.

వీడ్కోలు ప్రసంగంలో పాస్టరుగారు నన్ను ఏకంగా జాన్ రంగయ్యగారితో పోల్చారు. డర్బన్ చుట్టుపక్కలి నాటాల్ చెరుకు తోటలకు కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళ కోసం 1903లో నెల్లూరు నుంచి బయల్దేరి ఓడెక్కిన మనిషి ఆయన. వెళ్ళి అక్కడే ఉండిపోయాడు, అక్కడే కన్నుమూశాడు. నా జేబులో రిటర్న్ టికెట్టుంది. అయినా ఆ చప్పట్ల మధ్య ఆ సంగతి చెప్పబుద్ధి కాలేదు.

ఆఫ్రికా అంటే ఎండ అని నా లెక్క. పెట్టెలో ఆరు పొట్టిచేతుల చొక్కాలు, గొడుగు, నల్ల కళ్ళద్దాలు, గ్లూకోజు ప్యాకెట్లు, దోమల చుట్టలు ఒక డజను సర్దుకున్నాను. మిగిలిన చోట్లో మా ఆవిడ రెండు కిలోల ఆవకాయ డబ్బా ఇరికించింది, "అక్కడి పాస్టరమ్మగారికి ఇవ్వండి, పాపం ఏం తింటారో ఏమో" అంటూ.

డర్బన్ నుంచి ఓ పూట ప్రయాణం చేస్తే లెసోతోకి ఎక్కే సానీ కనుమ వస్తుంది. ఫోర్‌వీల్ బండి లేకపోతే పైకి పోనివ్వరు. కొన్ని మలుపుల్లో బండి తిరుగుతోందో కొండే తిరుగుతోందో తెలియలేదు. పైకి చేరితే 2,800 మీటర్ల పైమాటే. మన అరకు తొమ్మిది వందల మీటర్ల పైచిలుకు, అక్కడికే మేం స్వెట్టర్లు పట్టుకెళతాం. లెసోతో దేశం మొత్తంలో అతి పల్లపు చోటే 1,400 మీటర్లట. అక్కడి అన్నిటికన్నా ఎత్తైన శిఖరం 3,482 మీటర్లు, దాని పేరు తబానా న్త్లెన్యానా. అంటే 'చక్కని చిన్న కొండ' అని బావ చెప్పాడు. చిన్న కొండే ఇదైతే పెద్దది ఎలా ఉండేదో అని నేను కిటికీలోంచి చూద్దును కదా, తెల్లగా మంచు. జూలై అక్కడ నడి చలికాలం. నేను పొట్టిచేతుల చొక్కాలో ఉన్నాను.

"దోమల చుట్ట వెలిగించుకో, వెచ్చగా ఉంటుంది" అన్నాడు బావ. ఆ దేశంలో మలేరియానే లేదట. ఆ సంగతి పెట్టె సర్దేటప్పుడు చెప్పొచ్చుగా!

దారిలో బావ ఇంకో కథ కూడా చెప్పాడు. ఆ దేశపు బసోతో జాతిని ఒక్కటిగా కూడగట్టిన రాజు మొష్వేష్వే, మిషనరీని తెచ్చిపెట్టమని పశువుల్ని పంపాడని చెబుతారు. తరవాత 1833లో ఫ్రాన్సు నుంచి ముగ్గురు మిషనరీలు వచ్చారు. "మరి నాకోసం ఎన్ని ఆవుల్నిస్తారంటావ్ బావా?" అన్నాను. బావ నా వణుకుతున్న మోచేతుల వంక చూసి, "రెండు కోళ్ళు" అన్నాడు.

మొఖొత్లోంగ్ జిల్లాలో ఓ కొండ ఊళ్ళో పాస్టరుగారిల్లు. ఆయన బయటికొచ్చి నన్ను చూసి, మాటా పలుకూ లేకుండా లోపలికెళ్ళి, ఓ దుప్పటి తెచ్చి కప్పారు. అక్కడ దుప్పటే కోటు, దుప్పటే హోదా. పాస్టరుగారూ కప్పుకుంటారు, గొర్రెల కాపరి కుర్రాడూ కప్పుకుంటాడు. ఆ వెచ్చదనంలో చుట్టూ చూస్తే నాకు మా అమ్మమ్మ ఊరే కనబడింది. రాతి గోడల గుండ్రటి గుడిసె, పైన గడ్డి కప్పు, కింద పేడతో అలికిన నేల. పొయ్యిలో పిడకలు. పాస్టరమ్మగారు నవ్వుతూ "పాపా" అని పళ్ళెం చేతికిచ్చారు. ఒక్క క్షణం గుండె ఆగినంత పనైంది కానీ, చూస్తే పాపా అంటే మొక్కజొన్న సంకటి, పక్కన ఆకుకూర. చేత్తోనే తింటారు. ఇంకేం కావాలి! ఈ దేశం నాకు పూర్తిగా తెలిసిపోయిందని ఆ రాత్రికే నమ్మకం కుదిరింది. జరిగినదానికంతటికీ ఆ నమ్మకమే కారణం.

భాష కూడా బావ ఆ రాత్రే నేర్పాడు. నమస్కారానికి "దుమేలా". మగవాళ్ళను "న్తాతే" అనాలి. (నలభై ఆరేళ్ళకే నన్ను తాతను చేశారని కాసేపు మనసు చివుక్కుమంది. అంటే తండ్రి అనట.) పాస్టరు అంటే "మొరూతి". ఇక "ఓ కాయే?" అని అడిగితే 'ఎలా ఉన్నావు' అని. మాటకు మాట చూస్తే 'నువ్వెక్కడ' అని అర్థం. దానికి జవాబు "కే టెంగ్", అంటే ఇక్కడే ఉన్నాను అని. నేను మొదటిసారి ఓ పెద్దాయన "ఓ కాయే?" అనగానే ఆవకాయ సంగతి అప్పుడే ఊరంతా పాకిందనుకుని డబ్బా మూత తీయబోయాను. తరవాత ఓ గుర్తు పెట్టుకున్నాను: కాయ అడిగితే టెంక చెప్పాలి.

మర్నాడు ఆదివారం. చర్చి ఆ పక్క గుట్ట మీద. అందరూ గబగబా ఎక్కేస్తున్నారు, నేను పది అడుగులకోసారి ఆగి ప్రకృతిని మెచ్చుకుంటున్నాను. ఊపిరి అందడం లేదని చెప్పుకోవడం నామోషీ. "మీరు పదండి, మెల్లగా వస్తా" అన్నాను. చంకలో బైబిలు, చేతిసంచిలో ఆవకాయ.

గుట్ట మలుపు తిరగ్గానే ఓ గుడిసె ముందు పొడుగాటి కర్ర, దాని మీద రెపరెపలాడుతూ తెల్లజెండా. మా ఊళ్ళో ఉజ్జీవ సభలప్పుడు పందిరి ముందు కట్టేది అచ్చం అలాంటిదే. పైగా లోపల్నుంచి పాట. మగవాళ్ళు నాలుగు స్వరాల్లో ఎంత బాగా పాడుతున్నారంటే, మా కొయిర్ వాళ్ళను తీసుకొచ్చి వినిపించాలనిపించింది. చర్చి ఇంత దగ్గరే ఉంటే అందరూ గుట్టెందుకు ఎక్కుతున్నారన్న ప్రశ్న నాకు రానేలేదు. రొప్పుతున్న మనిషికి ప్రశ్నలు రావు.

లోపల బల్లల మీద పదిమంది దాకా ఉన్నారు. నన్ను చూడగానే పాట ఆపి లేచి నిలబడ్డారు. "దుమేలా" అన్నాను. వాళ్ళ కళ్ళు బైబిలు మీద పడ్డాయి. "మొరూతి?" అన్నాడు ఒకాయన, కాస్త భయంగా. ఒంగోలు దండ గుర్తొచ్చి తల ఊపాను. అంతే, మంచి చోటు చూసి కూర్చోబెట్టారు. దుప్పటి కప్పుకున్న ఓ పెద్దావిడ పెద్ద కుండలోంచి ఇంతెత్తు డబ్బా నిండా ముంచి ఇచ్చింది. రంగు చూస్తే గులాబీ, గోధుమ కలిసినట్టుంది. పైన నురగ, పులిసిన వాసన. ఒక్క గుక్క తాగగానే తెలిసిపోయింది. జొన్నలు! అమ్మమ్మ చేతి జొన్న అంబలి, ఓ రోజు ఎక్కువ పులిసిందంతే.

"జ్వాలా, జ్వాలా" అన్నారు వాళ్ళు డబ్బా చూపిస్తూ. యేసు శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగొచ్చిన పెంతెకొస్తు నాటి అగ్నిజ్వాలల గురించి చెబుతున్నారని నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. "ఆమేన్" అన్నాను. వాళ్ళూ హుషారుగా "ఆమేన్" అన్నారు. రెండో డబ్బా వచ్చింది.

ఊరికే తాగి వెళ్ళిపోతే ఏం మర్యాద? లేచి, కళ్ళు మూసుకుని, తెలుగులో పది నిమిషాలు ప్రార్థన చేశాను. సారెపతు విధవరాలి ఇంట్లో పిండీ నూనే తరగనట్టే ఈ తల్లి కుండ ఎన్నడూ తరగకూడదనీ, ఒకసారి ఈ గుమ్మం తొక్కినవాడు రోజూ తొక్కాలనీ, వాళ్ళ బిడ్డలు, బిడ్డల బిడ్డలు కూడా ఇక్కడికే రావాలనీ వేడుకున్నాను. కళ్ళు తెరిచేసరికి ఇద్దరు కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆ ఊపులో ఆవకాయ డబ్బా కూడా తెరిచేశాను. ఓ ముక్క నాలికకు తగలగానే ఒకాయన కెవ్వుమన్నాడు, డబ్బా ఎత్తి గటగటా తాగాడు, మళ్ళీ ముక్క కోసం చెయ్యి చాపాడు. మిగతావాళ్ళూ అదే వరస. ఆవకాయకు ఇంత భక్తి నేనెక్కడా చూడలేదు.

ఇంతలో ఆ పెద్దావిడ అందరి దగ్గరా డబ్బులు తీసుకుంటూ వచ్చింది. కానుక! యాభై రాండ్ల నోటు ఇచ్చాను. ఆవిడ దుప్పట్లోంచి చిల్లర తీసి, లెక్కపెట్టి నా చేతిలో పోసింది. నలభై ఆరేళ్ళుగా కానుకలు వేస్తున్నాను, దేవుడి దగ్గర్నుంచి చిల్లర రావడం అదే మొదలు. ఏదో తేడాగా ఉందని మనసులో మెదిలింది. అంతలో మూడో డబ్బా వచ్చింది.

అప్పుడే గుమ్మంలో పాస్టరుగారు, వెనక బావ. "న్తాతే! ఓ కాయే?" అన్నారు పాస్టరుగారు, రొప్పుతూ. ఆయన కుశలం అడగడం లేదు. గంటసేపటి నుంచి గుట్టలన్నీ వెతుకుతున్నారు. నేను నేర్చుకున్న పాఠం తడుముకోకుండా అప్పజెప్పాను: "కే టెంగ్!" డబ్బా ఎత్తి మరీ.

గుడిసె గుడిసంతా గొల్లుమంది. పాస్టరుగారు నవ్వాపుకుంటూ నన్ను బయటికి తీసుకెళ్ళి జెండాల లెక్క చెప్పారు. ఎర్రజెండా కడితే మాంసం దొరుకుతుందని. ఆకుపచ్చదైతే కూరగాయలు. తెల్లదైతే జ్వాలా, అంటే జొన్నబీరు. అప్పటిదాకా నాకేమీ ఎక్కలేదు. ఆయన ఆ మాట అనగానే మూడు డబ్బాలూ ఒక్కసారిగా ఎక్కాయి.

"పెంతెకొస్తు నాడు శిష్యుల్ని చూసి వీళ్ళు తాగున్నారని జనం అంటే, ఇంకా పొద్దే ఎక్కలేదు కదయ్యా అని పేతురు సర్దిచెప్పాడు" అన్నాడు బావ వాచీ చూసుకుంటూ. "నీ తరఫున చెబుదామంటే పదకొండున్నరైంది."

ఆరాధనలో నా సాక్ష్యం రద్దయింది. మా అక్కకు చెప్పొద్దని బావను బతిమాలాను. చెప్పలేదు, ఫోటో పంపాడు.

మర్నాడు పొద్దున్న బండెక్కుతుంటే ఆ పెద్దావిడ రోడ్డు పక్కన నిలబడి ఉంది. పాస్టరుగారితో ఏదో చెప్పింది. ఆయన అనువాదం చెయ్యడానికి చాలాసేపు తటపటాయించారు. నిన్న చీకటి పడకముందే కుండంతా అయిపోయిందట, ఎన్నడూ అంత బేరం లేదట, ఈ మొరూతి మళ్ళీ ఎప్పుడొస్తాడని అడుగుతోందట.

ఆవిడ వెనకాలే గంబూట్ల పెద్దమనిషి ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. నిన్న కెవ్వుమన్నాయన. నా ఖాళీ డబ్బా తలకిందులు చేసి చూపిస్తూ "ఏ కాయే?" అన్నాడు. అది ఎక్కడుందని అడుగుతున్నాడని పాస్టరుగారు చెప్పబోతున్నారు. నేనప్పటికే జవాబు చెప్పేశాను.

"మామిడికాయ."