స్పాన్సర్ గారికి శాలువా

మొన్న మన తెలుగు సంఘం ఉగాదికి పంచాంగ శ్రవణం అవగానే ప్లాటినం స్పాన్సర్ అని ఒక బ్యాంకు మేనేజర్ గారిని స్టేజీ మీదకి పిలిచి శాలువా కప్పి మెమెంటో ఇచ్చారు కదా, అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టా. కొట్టాక చూస్తే నాలుగు నెలల కింద నన్ను తిప్పి పంపించిన బ్రాంచే అది.

నాది డ్రై క్లీనింగ్ షాపు. కొని ఆరేళ్ళయింది, అప్పుడు ఈఏడీ (అమెరికాలో పని చేసుకోవడానికిచ్చే తాత్కాలిక పర్మిట్) మీద ఉన్నాం. గ్రీన్ కార్డు వచ్చి మూడేళ్ళే, సిటిజన్‌షిప్‌కి అయిదేళ్ళు ఆగాలి కదా. షాపు అకౌంటు మొదట్నుంచీ వాళ్ళ దగ్గరే. మెషిన్ పాతబడితే 40 వేల డాలర్లు లోన్ అడిగా. బ్యాంకాయన ట్యాక్స్ రిటర్న్‌లు తిరగేసి బాగున్నాయన్నాడు, సిటిజనా అన్నాడు, కాదనేసరికి గొంతు మారిపోయింది. "మీ ఇంట్లో సిటిజన్ ఎవరన్నా ఉంటే కో-సైన్ చేయించండి" అన్నాడు. ఉన్నాడు, మావాడు, ఇక్కడే పుట్టాడు, 19 ఏళ్ళు, వాడి ఫోన్ బిల్లు నేనే కడతా. వాడు సంతకం పెడితే నా షాపు మీద నమ్మకం కుదురుతుందంట!

స్టేటస్ చూసే వీలు బ్యాంకుకి ఉంది, రేపు మనం దేశం వదిలి పోతే బాకీ ఎట్లా రాబట్టుకోవాలని, కాదన్ను. ఎస్‌బీఏ లోన్లకైతే (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం పూచీ ఉండేవి) 2025 జూన్‌లో రూల్ బిగించి ఓనర్లందరూ సిటిజన్లో గ్రీన్ కార్డు వాళ్ళో అయి తీరాలన్నారు, 2026 మార్చి నుంచి గ్రీన్ కార్డు వాళ్ళని కూడా తీసేశారు, దానికి మేనేజర్నేం అంటాం. నేనడిగింది మామూలు లోన్, పైగా గ్రీన్ కార్డు ఉన్నోణ్ణి. అప్పులివ్వడంలో వివక్ష చూపకూడదనే 1974 నాటి ఈక్వల్ క్రెడిట్ చట్టం ప్రకారం అప్లికేషన్ పెడితే 30 రోజుల్లో ఇస్తారో లేదో చెప్పాలి, కాదంటే కారణం అడిగి రాతలో తీసుకోవచ్చు. నేను రోషానికి పోయి ఫారం ఇవ్వకుండానే లేచొచ్చేశా, చేతిలో కాగితం ముక్క లేదు. నోటిమాటతో పంపించేస్తే వాళ్ళకీ అదే కావాలి.

చివరికి డబ్బు సర్దింది మనవాళ్ళే, నలుగురు, చేబదులుగా, నోటు కూడా రాయించుకోలేదు. చెప్తుంటే ఇప్పుడూ కళ్ళు చెమరుస్తాయి. కాకపోతే అందులో ఒకాయన ముందు ఇంటిపేరు అడిగాడు, తర్వాత ఏ ఊరన్నాడు, తర్వాత ఫలానా వాళ్ళు మీకేమవుతారన్నాడు, ఆ ప్రశ్నలన్నీ ఎటు పోతాయో మనందరికీ తెలుసు. నేను పాసయ్యా కాబట్టి ఆ రోజు నొప్పి తెలీలేదు. బ్యాంకులో ఫెయిలైంది తల్చుకున్నాకే తెలిసింది.

స్పాన్సర్లని మానెయ్యమనట్లేదు, హాలు అద్దె ఎవరు కడతారు. స్పాన్సర్ ఫారంలో ఒక్క లైను పెట్టండి చాలు, గ్రీన్ కార్డు మీదా వీసా మీదా ఉన్న మన మెంబర్లు బిజినెస్ లోన్‌కి వస్తే అప్లికేషన్ తీసుకుంటారా, కాదంటే కారణం రాసిస్తారా అని. ఆ లైను నేనే రాసి ఈసీకి (మన సంఘం కార్యవర్గానికి) పంపా, దీపావళి స్పాన్సర్ల లిస్టు ఖరారు చేసేలోపు ఒకసారి చూడండి.