మా బావ మీద బహిరంగ ఫిర్యాదు

నెల్లూరు నగర ప్రజలకూ, ముఖ్యంగా చర్యలు తీసుకునే అధికారం ఉన్న పెద్దలకూ ఒక విషయం తెలియజేయాల్సి వస్తోంది. మా బావ, అంటే మా అక్క భర్త, మేడ మీద రేకుల షెడ్డులో వీణ తయారుచేస్తున్నాడు. కొనడం లేదు, అద్దెకు తేవడం లేదు, వాయించడం నేర్చుకోవడం కూడా లేదు. ఉలీ సుత్తీ పట్టుకుని పనస మొద్దును తొలుస్తున్నాడు. రెండేళ్ళు దాటింది. ఇంతకాలం కుటుంబ పరువు కోసం నోరు మూసుకున్నాను. ఇంకా మూసుకుంటే సమాజానికి ద్రోహం చేసినవాణ్ణవుతాను.

నా గురించి కూడా ఒక మాట. నేను ప్లాట్లు అమ్ముతాను. పొద్దున వరిమడి, మధ్యాహ్నానికి హద్దురాళ్ళు, సాయంత్రానికి ఆర్చీ, ఆర్చీ మీద ఏదో ఒక దేవుడి పేరు, పక్కన 'ఎన్‌క్లేవ్'. పని అంటే ఈ వేగంతో జరగాలి. మొలగొలుకుల వడ్లు పండిన నేలలో మేం రాళ్ళు పండించాం, ఎవరన్నా వంక పెట్టారా? నాలుగు నెలల్లో చేతికొచ్చే వనామి రొయ్యనే ఆలస్యమని తిట్టుకునే జిల్లా మనది. అట్లాంటి చోట ఒక పెద్దమనిషి ఒకే ఒక్క వస్తువు మీద రెండేళ్ళు కూర్చుంటే పిల్లల మీద ఎలాంటి ప్రభావం పడుతుందో ఆలోచించండి.

బావ హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనాడు. మా వీధిలో రిటైరైనవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. పొద్దున వాకింగు, తర్వాత షుగరు పరీక్ష, తర్వాత పేపరు, ఆపైన గవర్నమెంటును తిట్టడం, సాయంత్రం గుళ్ళో కూర్చుని కోడళ్ళ విషయం. బావ వీటిలో ఒక్కటీ చెయ్యలేదు. రిటైరైన నెలకే రైలెక్కి బొబ్బిలి పోయాడు. అక్కడ గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు తరతరాలుగా వీణలు చేస్తున్నాయి. కుండా (మోత పుట్టే బుర్ర), దండీ (పొడుగు మెడ) అన్నీ ఒకే మొద్దులోంచి తీస్తే దాన్ని ఏకాండి వీణ అంటారు. ఆ బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంతా బాగుంది. చూసొచ్చినవాడు నాలుగు ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుని ఊరుకోవాలా, వద్దా?

వెంకటగిరి దగ్గర ఎవరి తోటలోనో గాలికి పనసచెట్టు పడిపోయిందని తెలిసి, దాని మొద్దు మినీ లారీలో వేయించుకుని వచ్చాడు. నలుగురు కూలీలు దాన్ని మేడెక్కించారు. మొద్దు రెండు కొసలకూ మా గేటుకు వేయగా మిగిలిన ఆకుపచ్చ పెయింటు పూశాడు. అదేంది బావా అంటే, కొసల్లోంచి తడి తొందరగా పోతుందంట, నడిమి నుంచి నిదానంగా పోతుందంట, ఆ తేడాకి చెక్క పగులుతుందంట, అందుకని కొసలు మూసేశాడంట. ఆ తర్వాత ఏం చేశాడు? ఏమీ చెయ్యలేదు. నెలకోసారి పాత సామాన్ల కొట్టు నుంచి కాటా తెచ్చి మొద్దును తూచేవాడు, గోడ మీద బరువు రాసుకునేవాడు. బరువు తగ్గడం ఆగిపోయిన రోజున చెక్క ఆరినట్టంట.

"ఎప్పుడు మొదలుపెడతావు బావా?" అంటే "తడుంది అబ్బయా" అనేవాడు. మూడు నెలలకు అడిగినా తడుంది. ఆరు నెలలకు అడిగినా తడుంది. మా అక్క ఆ మొద్దు మీద వడియాలు పెట్టింది, అవి కూడా ఆరిపోయాయి గానీ మొద్దు ఆరలేదు. "ముప్పై ఏళ్ళ కాపురంలో నా బరువెంతో ఒక్కరోజు అడగలేదు" అని అక్క కళ్ళొత్తుకుంది. ఈ వాక్యాన్ని సాక్ష్యంగా నమోదు చేసుకోవలసిందిగా మనవి.

ఎట్టకేలకు బాడిశ పట్టాడు. ఇక చప్పుళ్ళు మొదలు. రాత్రి తొమ్మిదింటికి రంపం చప్పుడు వినిపిస్తే మన జిల్లాలో జనానికి ఒకటే అనుమానం వస్తుంది. వెలిగొండల్లో ఎర్రచందనం పెరగడం మన అదృష్టమో దురదృష్టమో గానీ, ఇక్కడ చెక్క చేత్తో పట్టుకున్న ప్రతివాడూ స్మగ్లరే. ఎవరో సమాచారం ఇచ్చారు. (నేను కాదు. ఆ రోజు నేను కావలిలో ఉన్నాను.) ఒక కానిస్టేబుల్ మేడ మీదికొచ్చాడు. బావ ఆయనకు స్టూలు వేసి, పనస పసుప్పచ్చగా ఉంటుందనీ, బర్మా, థాయ్‌లాండ్ లాంటి చోట్ల బౌద్ధ భిక్షువుల వస్త్రాలకు దీని చేవతోనే రంగు వేసేవారనీ, ఎర్రచందనంతో జపాన్‌లో షమిసెన్ అనే మూడు తీగల వాయిద్యానికి మెడ చేస్తారనీ, గట్టిదనంలో దానికి తిరుగులేదనీ అరగంట పాఠం చెప్పాడు. మంచి రకం షమిసెన్ మెడ మన అడవుల్లో పెరిగే కర్రదేనని విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఇక్కడ మనం దాన్ని పట్టుకోవడమే తెలిసినవాళ్ళం, వాయించడం వాళ్ళకు తెలిసింది. సరే, కానిస్టేబుల్ అంతా విని, నోట్‌బుక్ మూసి, "సార్, మా పాప గిటారుకు తీగ తెగింది, తెమ్మంటారా?" అన్నాడు. మర్నాడు తెచ్చాడు. చట్టం తన పని తాను చేసుకుపోతుంది అంటే ఇదేనా?

కుండ తొలవడం మొదలైనాక ఇంట్లో పసుప్పచ్చ పొడి పడని వస్తువు లేదు. తడిబట్టల మీద పడి అక్క తెల్ల వెంకటగిరి చీర భిక్షువు గుడ్డలాగా తయారైంది. అన్నం మీద కూడా పడింది గానీ, పులిహోర అనుకుని తిన్నాం.

కొసన యాళి ముఖం చెక్కాలి. యాళి అంటే సింహానికీ ఏనుగుకూ మధ్యలో ఉండే పురాణ జంతువు. బావ చెక్కింది మాత్రం చేపల పులుసు దాకను నాకి పట్టుబడిన పిల్లిలా వచ్చింది. అక్క అది నాలాగే ఉందంటుంది. దీని మీద విడిగా ఫిర్యాదు ఇస్తాను.

అసలు ప్రమాదం ఇవేవీ కావు. అసలు ప్రమాదం కొట్టి వినడం. కుండ గోడ మందంగా ఉంటే మోత చచ్చిపోతుందంట, మరీ పల్చనైతే తీగల బరువుకు ఓర్వదంట, అందుకని కాస్త గీకడం, వేలి కణుపుతో కొట్టడం, చెవి పెట్టి వినడం. అక్కడితో ఆగితే ఎవరికీ నష్టం లేదు. తలుపులు కొట్టాడు. డైనింగ్ టేబుల్ కొట్టాడు. పుచ్చకాయల బండి దగ్గర అరగంట నిలబడితే బండివాడు దణ్ణం పెట్టాడు. పెళ్ళిచూపులకు పోయినచోట వాళ్ళ పందిరిమంచం పట్టె కొట్టి "రోజ్‌వుడ్డేనా?" అన్నాడు. ఆ సంబంధం తప్పిపోయింది. ఇది అంటురోగం అని నాకు ఆలస్యంగా తెలిసింది. పోయిన వారం రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకం కోసం ఎదురుచూస్తూ నేను బల్లను కణుపుతో కొట్టి, చెవి వంచాను. ప్లైవుడ్డు. చెత్త మోత. గుమాస్తా నన్ను చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు.

తర్వాత తీగల విషయం. వీణకు ఏడు. నాలుగు తీగలు మెట్ల మీదుగా, అంటే దండి మీద వేలితో నొక్కే అడ్డపట్టీల మీదుగా పోతాయి, మూడు పక్కన ఉండి తాళం మాత్రం వేస్తాయి. పని చెయ్యకుండా పక్కన నిలబడి తాళం వేసేవాళ్ళు నా ఆఫీసులో కూడా సరిగ్గా ముగ్గురున్నారు కాబట్టి ఆ భాగం నాకు వెంటనే అర్థమైంది.

మెట్ల దగ్గర మాత్రం నేను వృత్తిరీత్యా నోరు తెరవక తప్పలేదు. దండి మీద ఇరవై నాలుగు మెట్లు. తంజావూరు ఏలిన మన రఘునాథ నాయకుడి కాలంలో, పదిహేడో శతాబ్దంలో, ఈ లెక్క ఇలా స్థిరపడిందని చెబుతారు. ఇరవై నాలుగు ప్లాట్ల లేఅవుట్ అన్నమాట, ఇందులో ఏముంది, టేపు పట్టి సమానంగా కొట్టెయ్ అన్నాను. బావ నవ్వి కాగితం తీశాడు. మెట్టుకు ఎదురుగా మిగిలిన తీగ పొడవును ప్రతిసారీ 17.817తో భాగించి, వచ్చినంత దూరంలో తర్వాతి మెట్టు పెట్టాలంట. అది గిటారు చేసేవాళ్ళ లెక్క. తీగ 80 సెంటీమీటర్లు అనుకుంటే మొదటి ప్లాటు నాలుగున్నర సెంటీమీటర్లు. చివరిది ఒకటీ పాయింటు రెండు. మొదటి పన్నెండు ప్లాట్లకే సగం భూమి పోతుంది. సరిగ్గా సగంలో నొక్కితే పై షడ్జం (పై 'స') పలుకుతుంది కాబట్టి అక్కడ బేరం లేదు. తర్వాతి పన్నెండూ మిగిలినదాంట్లో సగంలో ఇరుక్కోవాలి. ఆ తర్వాత గుర్రం (కుండ మీద తీగల్ని మోసే దిమ్మ) దాకా పావు వంతు ఖాళీ స్థలం. పార్కు కోసమా అంటే కాదు, మీటడానికంట. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇంత అన్యాయమైన లేఅవుట్ నేను చూడలేదు. నేను కూడా ఖాళీ స్థలం చూపిస్తాను, కాగితం మీద. వీళ్ళు నిజంగా వదిలేస్తారు.

పోనీ కొలిచిన చోట మేకు కొట్టి ముగించారా? లేదు. కొలత పైపైకే, చివరి తీర్పు చెవిదేనంట. గిటారుకైతే గాడి కోసి తీగమెట్టు దిగగొడతారు, ఇక కదలదు. వీణకు దండి పొడవునా రెండు గట్లు పోస్తారు, తేనెమైనంలో బొగ్గుపొడీ, గట్టిపడడానికి గుగ్గిలమూ కలిపిన నల్లమైనంతో. మెట్లు ఆ గట్ల మీద కూర్చుంటాయి. మైనం వేడి చేసి మెట్టును వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుకోవచ్చు. హద్దురాళ్ళు మైనంలో పాతే ఊరు ఎక్కడైనా ఉంటుందా? ఉంటే మా బోటివాళ్ళం ఏమైపోవాలి?

దీనికి ప్రకృతే బుద్ధి చెప్పింది. పోయినసారి రోహిణీ కార్తెలో, రేకుల కింద, నెల్లూరు ఎండలో, మైనం మెత్తబడి మెట్లన్నీ ఒరిగిపోయాయి. మూడు వారాల పని. నేను ఓదార్చడానికని మేడెక్కి, "షాపులో ఒకటి కొనేద్దాం బావా, గంటలో పని" అన్నాను. ఆయన మెట్లు ఒక్కొక్కటే ఊడదీసి, కిరసనాయిల్లో తుడిచి, పేపరు మీద వరసగా పేర్చుకుంటూ, "రొంత గుగ్గిలం తక్కువైనట్టుంది అబ్బయా" అన్నాడు. అంతే. మనిషికి టెన్షన్ లేదు. ఇలాంటివాళ్ళ వల్లే దేశం వెనకబడింది.

తుఫాను రాత్రి సంగతి చెప్పనక్కర్లేదు. షెడ్డు కారితే వీణను హాల్లో సోఫా మీద పడుకోబెట్టి దుప్పటి కప్పాడు. నేను కింద చాప మీద.

వీధిలో అడగనివాడు లేడు, "ఎంతకమ్ముతారు సార్?" అని. "అమ్మను" అంటాడు. "మరి కచేరీలిస్తారా?" "నాకు వాయించడం రాదు." ఈ రెండు జవాబులూ కలిపి చదివితే ఏ కోర్టయినా శిక్ష వేస్తుంది. ఉదయగిరిలో చెక్క చెంచాలు చేస్తారు, వాటికీ భౌగోళిక గుర్తింపు ఉంది, ఒక గరిటె చేసినా ఉప్మా వడ్డించుకోవచ్చు కదా అని నేనొక ఆచరణీయమైన సలహా ఇచ్చాను. బావ బస్సెక్కి ఉదయగిరి పోయి ఆ పనివాళ్ళ దగ్గర కూర్చుని, ఉలికి పదును పెట్టడం కొత్తగా నేర్చుకుని వచ్చాడు. గరిటె తేలేదు.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు ఇలాంటి సమస్యను ఒకప్పుడు చక్కగా పరిష్కరించుకున్నారు. త్యాగయ్య ఇంటిపేరు కాకర్ల. అది పాత ప్రకాశం జిల్లా ఊరు. శ్యామశాస్త్రి పూర్వీకులది కంభం. ఆ రెండు కుటుంబాలూ ఎప్పుడో తమిళదేశం వెళ్ళిపోయాయి. మంచిపని చేశాయి. ఇక్కడే ఉండి ఉంటే, పొద్దున్నే తంబుర పట్టుకుని వీధిలోకొచ్చిన పెద్దమనిషిని "అది సరే స్వామీ, సైడ్ బిజినెస్ ఏందీ?" అని మేం అడిగి ఉండేవాళ్ళం. కావేరి ఒడ్డున అడగలేదంట.

కాబట్టి నా డిమాండు. ఇళ్ళల్లో వాయిద్యాలు తయారుచేసేవాళ్ళ మీద నిఘా పెట్టాలి. ఆర్నెల్లకు మించి ఒకే వస్తువు మీద పనిచేసేవాళ్ళు లిఖితపూర్వకంగా కారణం చెప్పాలి. మేడ మీద కాటా ఉంటే సీజ్ చెయ్యాలి.

ఒక్క చిన్న సవరణ. మెట్లు మళ్ళీ కట్టడం మొదలైంది. దీనికి ఇద్దరు కావాలి, ఒకరు మీటాలి, ఒకరు వేడి మైనంలో మెట్టును నొక్కి పట్టాలి. అక్కకు కంటి ఆపరేషన్ అయింది కాబట్టి, మరో మనిషి లేక నేను కూర్చోవాల్సి వస్తోంది. ఇది బలవంతంగా జరుగుతున్నదని గమనించాలి. మొన్న ఏడో మెట్టు దగ్గర ఆయన సారణి (మొదటి తీగ) మీటి "సరిపోయింది" అన్నాడు. సరిపోలేదు. నాకు వినిపించింది. "వెంట్రుకవాసి కిందికి బావా" అన్నాను. ఆయన నా మొహం చూసి, మళ్ళీ మీటి, జరిపాడు. హద్దు తగాదాల్లో ఇరవై ఏళ్ళు నలిగినవాడికి అంతమాత్రం తెలియకపోతుందా, అందులో సంగీతం ఏమీ లేదు.

ఇంకా పదిహేడు మెట్లున్నాయి. అధికారులు తనిఖీకి ఎప్పుడు వచ్చినా నాకు అభ్యంతరం లేదు, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య మాత్రం రావద్దు. అప్పుడు మైనం వేడిగా ఉంటుంది, చెయ్యి తియ్యడం కుదరదు.