కోడిగుడ్డు మీద ఈకలు పీకే ఊరు

ఇంగ్లండులో, లంకాషైర్ అనే చోట, బ్లాక్‌బర్న్ అని ఒక ఊరుంది. సైజులో మన సూర్యాపేటకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఆ ఊరివాళ్లకు విశ్వాసం అనే గుణం బొత్తిగా లేదని నేను పదిహేనేళ్లుగా గమనిస్తున్నాను. ఎవరూ అడగలేదు గనక ఇంతకాలం చెప్పలేదు. ఇప్పుడూ ఎవరూ అడగలేదు గానీ, ఇక ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

సంగతేమిటంటే, 2010 నవంబరులో మనవాళ్లు ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను 2.3 కోట్ల పౌండ్లకు కొన్నారు. మనవాళ్లంటే వెంకీస్ వాళ్లు. వాళ్ల ఆఫీసు పుణెలో కదా, మనవాళ్లెలా అయ్యారని మీరు అడగొచ్చు. కంపెనీ అసలు పేరు వేంకటేశ్వరా హేచరీస్, సాక్షాత్తూ ఏడుకొండలవాడి పేరు. 1971లో దాన్ని పెట్టిన బండా వాసుదేవరావుగారు హైదరాబాదులో పుట్టినవారు. మన దేశంలో కోళ్ల పరిశ్రమకు పితామహుడంటారు, పద్మశ్రీ కూడా ఇచ్చారు. రోజూ పేపర్లో వంద గుడ్ల ధర వేస్తారే, నెక్ రేటు అని, ఆ నెక్ ఆయన పెట్టించిందే. ఆయన పోయాక కూతురు అనురాధా దేశాయ్, కొడుకులు వెంకటేశ్, బాలాజీ వ్యాపారం చూసుకుంటున్నారు. మన తెలుగువాళ్ల లెక్కలో మూడు తరాల్లో ఎక్కడ హైదరాబాదు తగిలినా ఆ మనిషి మనవాడే. జట్టు గెలిస్తే మనవాళ్లు, ఓడితే పుణె వాళ్లు అనుకునే సౌకర్యం కూడా ఉంది. ఆ సౌకర్యంలో మొదటి సగం వాడుకునే అవకాశం పెద్దగా రాలేదనుకోండి.

మా బావమరిది ఆ పక్కనే ఒక ఆసుపత్రిలో డాక్టరు. వెళ్లిన కొత్తలో మోకాలి ఆపరేషన్ అయిన ఒక ముసలాయన్ని చూడ్డానికి వార్డుకు వెళ్లాడట. ఏ ఊరు నీదని ముసలాయన అడిగాడు. ఇండియా అన్నాడు వీడు. ముసలాయన మొహం కొంచెం మారింది. ఇండియాలో ఎక్కడ? హైదరాబాద్. అది పుణెకు ఎంత దూరం? మావాడికి అబద్ధం చెప్పడం రాదు. ఐదొందల అరవై కిలోమీటర్లు ఉంటుందన్నాడు. ముసలాయన కాసేపు ఆలోచించి, "చాలదు" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇంత అపనమ్మకం దేనికి? నిజానికి ఈ కొనుగోలులో చారిత్రక న్యాయం ఉంది. లంకాషైర్ మిల్లుబట్ట వచ్చి పడి మన మగ్గాలు మూలపడ్డాయని చిన్నప్పుడు అందరం చదువుకున్నదే. 1931లో గాంధీగారు బ్లాక్‌బర్న్‌ను ఆనుకుని ఉన్న డార్వెన్ దాకా వెళ్లి, అక్కడి మిల్లు కూలీలతో మాట్లాడి, నచ్చజెప్పి, మంచి పేరు తెచ్చుకుని వచ్చారు. పెద్దమనిషి గనక మాటలతో సరిపెట్టారు. మనవాళ్లు దాదాపు ఎనభై ఏళ్లు ఆగి కోళ్లతో వెళ్లారు. వాళ్లు మనకు బట్ట పంపారు, మనం వాళ్లకు చికెన్ పంపాం. చెల్లుకు చెల్లు.

అసలు తప్పంతా జాక్ వాకర్ అనే పాత ఓనరుది. అదే ఊరివాడు, ఉక్కు వ్యాపారి, చిన్నప్పటి నుంచి అదే జట్టుకు అభిమాని. డబ్బు నీళ్లలా పోసి, డాల్‌గ్లిష్‌ను మేనేజరుగా తెచ్చి, షియరర్‌ను కొని, 1995లో ప్రీమియర్ లీగ్, అంటే అక్కడి అన్నిటికంటే పై డివిజన్, గెలిపించాడు. షియరర్ ఆ సీజన్లో 34 గోల్స్ కొట్టాడు. వాకర్ 2000లో పోయాడు. స్టేడియంలో ఒక స్టాండుకు ఆయన పేరే పెట్టుకున్నారు. మొదటి భార్య చేతి వంటను పొద్దస్తమానం తలుచుకునే ఇంటికి రెండో పెళ్లాంగా వెళ్లిన ఆడదాని అవస్థ మీకు తెలిస్తే, మనవాళ్ల అవస్థ కూడా అర్థమవుతుంది.

పోనీ, వెళ్లి వీళ్లేమన్నా చేయకూడనివి చేశారా? జట్టు 13వ స్థానంలో ఉంది. మేనేజర్ శామ్ అల్లర్డైస్ అనుభవజ్ఞుడు. నెల తిరక్కుండానే తీసేశారు. అక్కడే కోచ్‌గా ఉన్న స్టీవ్ కీన్‌ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. అంతకుముందు ఆయన ఏ క్లబ్బుకూ మేనేజరుగా చేయలేదు. కొత్తవాళ్లకు అవకాశమివ్వడం కూడా నేరమేనా? కొనుగోలు సమయంలో సలహాలిచ్చిన ఏజెంటుగారి అబ్బాయికి జట్టులో కాంట్రాక్టు దొరికింది. ఫస్ట్ టీమ్ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే వెళ్లిపోయాడు. దానికి అక్కడ పెద్ద గోల. నిర్మాతగారి అబ్బాయి హీరో అయితే మనం ఎప్పుడైనా గోల చేశామా? టికెట్ కొనుక్కుని చూసి, ఇంటికొచ్చి పడుకున్నాం. పైగా మనవాడు తెర మీద కనిపించాడు, ఆ కుర్రాడు మైదానంలో కనిపించనైనా లేదు. ఆ మర్యాదకైనా మెచ్చుకోవద్దూ!

రొనాల్డీన్యోను తెస్తామన్నారు. ఆయన బ్రెజిల్‌లో ఫ్లమెంగోకు వెళ్లిపోయాడు. బెక్‌హామ్ పేరూ వినిపించింది. చివరికి టీవీలో వచ్చింది మాత్రం చికెన్ ప్రకటన. మ్యాచ్‌కు ముందు డ్రెస్సింగ్ రూములో ఆటగాళ్లందరూ జెర్సీలు వేసుకుని వరసగా కూర్చుని కోడి ముక్కలు తింటుంటారు. ప్రీమియర్ లీగ్ ఆటగాళ్లు మన కంపెనీ లెగ్ పీసు కొరుకుతుంటే నాకైతే ఛాతీ ఉప్పొంగింది. అక్కడి జనం మాత్రం సిగ్గుతో చచ్చిపోయారట. తిండి దగ్గర సిగ్గేమిటో!

ఆ అల్పబుద్ధి ఎంతవరకూ వెళ్లిందో చూడండి. 2012 మే 7. రోవర్స్ సొంత స్టేడియం ఈవుడ్ పార్క్‌లో విగన్ జట్టుతో మ్యాచ్. ఓడితే కింది డివిజనే. ఒకటే వాన. ఆట మధ్యలో మైదానంలోకి ఒక కోడి వచ్చింది. బతికున్న కోడి. ఒంటికి రోవర్స్ జెండా చుట్టి ఉంది. వేల మంది జనం, ఫ్లడ్‌లైట్లు, తడిసిన గడ్డి, దాని మీద నీలం తెలుపు గుడ్డ కప్పుకున్న కోడి పిచ్చి చూపులు చూసుకుంటూ తిరుగుతోంది. ఆటగాళ్లు బంతిని చూడాలో దాన్ని చూడాలో తెలియక నిలబడ్డారు. ఆ తర్వాత చివరి నిమిషాల్లో విగన్ వాడు తలతో ఒక గోల్ కొట్టాడు. 11 ఏళ్ల తర్వాత రోవర్స్ ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోయింది. నేను ఆ వీడియో చాలాసార్లు చూశాను. ఆ సాయంత్రం మైదానంలో ఉన్నవాళ్లలో జరుగుతున్నదేమిటో పూర్తిగా అర్థమైంది ఆ కోడికేనని నా అనుమానం.

తర్వాతి సీజన్ ఓనర్ల ఉదారతకు పరాకాష్ఠ. కీన్ సెప్టెంబరులో రాజీనామా చేశాడు. హెన్నింగ్ బెర్గ్ వచ్చాడు, 57 రోజులున్నాడు. మైఖేల్ ఆపిల్టన్ వచ్చాడు, 67 రోజులున్నాడు. మధ్యమధ్యలో తాత్కాలికంగా వచ్చినవాళ్లు వేరే. ఒక్క ఏడాదిలో ఇంతమందికి ఉపాధి చూపించిన సంస్థ మన ఉపాధి హామీ పథకం తర్వాత ఇదేనేమో. 57 రోజులకు గాను బెర్గ్‌కు 22.5 లక్షల పౌండ్లు ఇచ్చుకోవలసి వచ్చింది. మూడేళ్ల కాంట్రాక్టు మరి. ఆ కాంట్రాక్టు ఇచ్చే అధికారం మా మేనేజింగ్ డైరెక్టరుకు లేదని క్లబ్బు మాంచెస్టర్‌లో కోర్టులో వాదించి చూసింది. సంతకం పెట్టింది నా చెయ్యే గానీ నేను కాదన్నట్టు. జడ్జిగారు ఒప్పుకోలేదు.

2017లో రోవర్స్ ఇంకో మెట్టు దిగింది, మూడో డివిజన్‌కు. ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్బు అంత కిందికి వెళ్లడం అదే మొదటిసారి. చరిత్ర సృష్టించడం అంటే ఇదే కదా, దానికీ ఏడుపే. మరుసటి ఏడే టోనీ మోబ్రే జట్టును మళ్లీ పైకి లాగాడు. దాన్ని ఓనర్ల ఖాతాలో వేస్తారా? వేయరు.

ఈ మధ్యలో 2016లో ఒక నిరసన చేశారు. టికెట్ కొనుక్కుని కూడా బయటే నిలబడ్డారు. 18వ నిమిషంలో లోపలికి వచ్చారు, 75వ నిమిషంలో లేచి వెళ్లిపోయారు. క్లబ్బు పుట్టింది 1875లో గనక. నా కోడీ నా కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదని అలిగి అడవికి పోయిన ముసలమ్మ కథ వాళ్లకెవరూ చెప్పినట్టు లేదు. ముసలమ్మ వెళ్లిపోయినా ఊరికి తెల్లారింది. ఇక్కడ మాత్రం, నిజం ఒప్పుకోవాలి, 31 వేలమంది పట్టే స్టేడియంలో మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగానే ఉండేది.

ఇప్పుడు అసలు పాయింటు. మనవాళ్లు ఈ క్లబ్బు మీద ఇప్పటిదాకా 20 కోట్ల పౌండ్లకు పైగా పోశారంటారు. లాభం పైసా లేదు. అమ్ముకుని పోదామన్న తొందరా కనిపించదు. డబ్బు దోచుకుపోయే ఓనర్లను తిట్టడం నాకు అర్థమవుతుంది. మాంచెస్టర్ యునైటెడ్‌ను అప్పు చేసి కొని, ఆ అప్పు క్లబ్బు నెత్తినే పెట్టిన గ్లేజర్ల మీద పచ్చా బంగారు రంగు స్కార్ఫులు కట్టుకుని ఊరేగారంటే సరే. కార్డిఫ్ ఓనరు విన్సెంట్ టాన్ నీలం జెర్సీని ఎరుపు చేశాడు, మూడేళ్లకు జనం మళ్లీ నీలం చేయించుకున్నారు. అదీ సరే. సొంత డబ్బు తగలేసేవాణ్ని కూడా నమ్మకపోతే ఎట్లా?

ఇదే ప్రశ్న బావమరిది చేత ముసలాయన్ని అడిగించాను. వాడు మళ్లీ వార్డుకు వెళ్లినప్పుడు అడిగాడట. ముసలాయన చెప్పిందిది: "డబ్బు సంగతి కాదు బాబూ. శనివారం మధ్యాహ్నం వచ్చి, మా పక్కన చలిలో కూర్చుని, మాతో పాటు తిట్టుకునే మనిషి ఒకరు కావాలి. ఏళ్ల తరబడి వాళ్ల మొహం చూసినవాళ్లు లేరు. నువ్వెప్పుడైనా రాని అల్లుడి మనియార్డర్‌తో పండగ చేసుకున్నావా?" మనియార్డరూ అల్లుడూ అన్నవి మావాడి అనువాదమేనని నా అనుమానం. అయినా సమాధానం తట్టక ఆ విషయం అక్కడితో వదిలేశాను.

ఇప్పుడు ఆ మనియార్డరుకూ చిక్కొచ్చింది. విదేశాలకు డబ్బు పంపే వ్యవహారం మీద ఈడీ విచారణ మొదలయ్యాక, 2023 నుంచి క్లబ్బుకు సొమ్ము పంపాలంటే ఢిల్లీ హైకోర్టు అనుమతి తీసుకుని, బ్యాంకు గ్యారంటీ పెట్టాల్సి వచ్చింది. లంకాషైర్‌లో ఎడమవైపు కాపలాకు కొత్త లెఫ్ట్ బ్యాక్ ఆటగాడు కావాలంటే ఢిల్లీలో వాయిదా. మన కోర్టు వాయిదాల బాధ ఇంగ్లీషువాళ్లకు కూడా తెలిసిందంటే నాకు లోలోపల కొంత సంతృప్తిగానే ఉంది. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన ఆడమ్ వార్టన్ అనే ఇరవై నిండని కుర్రాణ్ని 2024 మొదట్లో క్రిస్టల్ ప్యాలెస్‌కు అమ్మేశారు. ఆ ఏడాది డివిజన్లో అందరికంటే ఎక్కువగా 27 గోల్స్ కొట్టిన స్మోడిక్స్‌ను వేసవిలో ఇప్స్‌విచ్‌కు ఇచ్చేశారు. 2025లో ఆడవాళ్ల జట్టును రెండో డివిజన్ నుంచి తప్పించారు. ప్రతిదానికీ తిట్లే.

కాగితాల గురించి కూడా దెప్పుతారు. 2023 జనవరి 31న, ఆటగాళ్లను కొనుక్కునే గడువు ఆఖరి రోజున, లూయిస్ ఓబ్రయన్‌ను తెచ్చుకోబోతే కాగితాలు ఆలస్యమై బేరం పోయింది. మరుసటి ఏడాది అదే గడువు ఆఖరి రోజున, 2024 ఫిబ్రవరి 1న, అమెరికా నుంచి డంకన్ మెక్‌గైర్‌ను తేబోతే కాగితాల్లోనే మళ్లీ ఏదో తప్పు, మళ్లీ పోయింది. మీసేవలో సర్వర్ డౌన్ అయితే మనం రేపు రండి అంటే రేపు వెళ్తాం, ఎల్లుండి రండి అంటే ఎల్లుండి వెళ్తాం. ఆ ఓపిక వాళ్లకు ఎక్కడిది!

ఓపిక ఎలా ఉండాలో మా హైదరాబాదును చూసి నేర్చుకోమనండి. 2019లో పుణె జట్టు మూతపడితే ఆ ఖాళీలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. చూశారా, ఇక్కడా పుణే. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఏకంగా ఐఎస్ఎల్, అంటే ఇండియన్ సూపర్ లీగ్, కప్పు తెచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి జీతాలందక ఆటగాళ్లు ఒక్కొక్కరే సర్దుకున్నారు. 2023-24 ఐఎస్ఎల్ సీజన్ మొత్తానికి గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. ఓనర్లు మారారు. 2025లో జట్టు మూటాముల్లె కట్టుకుని ఢిల్లీ వెళ్లి పేరు మార్చుకుంది. గచ్చిబౌలిలో ఎవరన్నా ఒక్క మాటన్నారా? స్కార్ఫు కట్టారా? 18వ నిమిషంలో రావడం, 75వ నిమిషంలో పోవడం వంటివి చేశారా? లేదు. ఎందుకంటే మేం మొదటి నిమిషంలోనే వెళ్లలేదు. పోయిందన్న సంగతి నాకే నెల తర్వాత తెలిసింది. యాజమాన్యం మీద నమ్మకమంటే అదీ.

ఈ ముక్క బావమరిదికి ఫోన్లో గర్వంగా చెప్పాను. ముసలాయన డిశ్చార్జ్ అవుతుంటే వాడు ఆయనకు చెప్పాడట. మా ఊరికీ ఒక క్లబ్బుండేది, కప్పు కూడా గెలిచింది, ఇప్పుడు లేదు, పదిహేను వందల కిలోమీటర్ల అవతలికి తీసుకుపోయారు అని. ముసలాయన చేతికర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయాడట. అదే మొదటిసారి మావాడి భుజం మీద చెయ్యేసి, ఒకటే అడిగాడట.

"ఒక్క కోడినైనా వదల్లేదా?"

"ఏం చెప్పమంటావు బావా?" అన్నాడు వీడు నాతో.

"ఇక్కడ కోడి కిలో రెండొందల డెబ్బై ఉందని చెప్పరా, ఎవడు వదులుతాడు?" అన్నాను.